రాలని జుట్టు

జలగ ఆసుపత్రి మెట్లెక్కుతుండగా చెల్లెలు ఫోన్ చేసింది.

“అక్కా, బయలుదేరాను. ఇంకో గంటలో నాలుగో డ్రిప్. కడుపు నిండా తిని మరీ వస్తున్నాను. పొద్దున్న నా కుర్చీలోనే కూర్చునే పెద్దావిడకి రెండోదానికే తల బోడయిపోయింది పాపం. నాకు చూడు, మూడు పూర్తయినా ఒక్క వెంట్రుక రాల్లేదు. వాంతి లేదు, నీరసం లేదు.”

“నువ్వు మొండిదానివి, నీ జుట్టు నీకన్నా మొండిది,” అంది జలగ.

“నువ్వక్కడే ఉన్నావటగా. మీ మరిదితో గొడవ పడకు. నీ మీది కోపమంతా ఇంటికొచ్చి గిన్నెల మీద చూపిస్తాడు.”

“నేనెందుకు పడతానే, చిట్టీ? ఎప్పుడూ ఆయనే పడతాడు.”

ఫోన్ పెట్టేశాక కూడా జలగ ముఖం మీద నవ్వు కాసేపు అలాగే ఉంది. జబ్బు బయటపడినప్పటినుంచీ ఆ ఇంట్లో అందరూ నవ్వడం నటిస్తున్నారు. చెల్లెలు నిజంగా నవ్వడం ఈ నెలలోనే. దానికోసం ఈ ఆసుపత్రిలో ఎవరి కాళ్లయినా మొక్కుతానని జలగ మనసులో చాలాసార్లు అనుకుంది.

ఆమె పేరు జలగేమీ కాదు. ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే రోజుల్లో తోటి ఉద్యోగులు అలా పిలిచేవాళ్లు, పట్టుకుంటే వదలదని. ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది గానీ, ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు.

ఈసారి ఆమె పట్టుకున్నది ఒక చావుని. ఈ క్యాన్సర్ ఆసుపత్రి డేటా విభాగంలో పనిచేసే ఒకాయన మొన్న సాయంత్రం మెట్ల మీద పడి చనిపోయాడు. ఆసుపత్రిలో ఆయన్ని లెక్కలాయన అనేవాళ్లు. మా ఆయన అలా పడే మనిషి కాదమ్మా అని ఆయన భార్య జలగ ఆఫీసుకొచ్చి కూర్చుంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే జలగను కదిపింది.

రెండో అంతస్తులో డేటా విభాగం తలుపుకి అడ్డంగా ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. స్వయానా చెల్లెలి మొగుడు. ఇంట్లో వదినగారూ అంటూ కుర్చీ లాగి వేసే మనిషే. యూనిఫాం తొడిగితే మాత్రం చుట్టరికం గుర్తుండదు.

“మేడమ్, ఇది పోలీసు కేసు.”

“చనిపోయినాయన భార్య నన్ను పెట్టుకుంది, ఇన్‌స్పెక్టర్ గారూ. ఆసుపత్రి వాళ్లు సరేనన్నారు. తమరు కూడా పక్కకి జరిగితే కూర్చుని మాట్లాడుకుంటాం.”

“మాట్లాడ్డానికేం లేదు. ఆరున్నరకి ఇంటికెళ్లడానికి ఇక్కణ్ణుంచి లేచాడు. సెల్లార్ మెట్ల మీద జారాడు. తల వెనక దెబ్బ. ఏడుంబావుకి వాచ్‌మన్ చూశాడు. ఇవాళ ఫైలు మూసేస్తున్నాను.”

“సెల్లార్‌లో ఏముంది?”

“పార్కింగ్.”

“కంటి ఆపరేషనయ్యాక బండి అమ్మేశాడట. అప్పట్నుంచీ బస్సులోనే వస్తున్నాడు. బండి లేని మనిషికి పార్కింగ్‌లో ఏం పని?”

ఇన్‌స్పెక్టర్ పక్కకి జరిగాడు.

లోపల విభాగం హెడ్ ఒక్కడే ఉన్నాడు. బక్కపలచని మనిషి, గోళ్లన్నీ కొరికేసి ఉన్నాయి. పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూడకూడదని గట్టిగా అనుకుని మాటిమాటికీ అటే చూస్తున్నాడు. జలగ వెళ్లి సరిగ్గా ఆ కుర్చీలోనే కూర్చుంది.

“మీరిక్కడ చేసే పనేమిటో నాకర్థమయ్యేలా చెప్పండి.”

“ఇక్కడ చూపించుకున్న ప్రతి రోగీ మాకొక వరస,” అన్నాడు హెడ్. “వయసు, కణితి సైజు, ఎంతవరకు పాకింది, ఏ మందిచ్చారు, రక్త పరీక్షలు, ఇవన్నీ కాలమ్‌లు. ఆఖర్న, ఎన్నాళ్లు బతికారు. వేలమందివి చూసి చూసి మెషిన్ తనంతట తనే నేర్చుకుంటుంది. కొత్త రోగి వివరాలిస్తే, ఎన్నాళ్లదాకా బతికే అవకాశం ఎంతో గీత గీసి చూపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ మెట్లలా దిగే గీత.”

“మధ్యలో రావడం మానేసినవాళ్లు? ఇన్సూరెన్స్‌లో వాళ్లతోనే నా తలనొప్పంతా.”

హెడ్ మొదటిసారి ఆమెను మనిషిలా చూశాడు. “మాకూ అంతే. చనిపోయారని రాస్తే ఒక అబద్ధం, బతికారని రాస్తే ఇంకో అబద్ధం. అందుకని, ఆఖరిసారి కనబడిన రోజుదాకా ఉన్నారు, ఆ తర్వాత తెలియదు, అని మెషిన్‌కి చెబుతాం. ఇప్పుడు చికిత్సలో ఉన్నవాళ్లందరిదీ అదే లెక్క. ఇవాళ్టిదాకా ఉన్నారు.”

ఇవాళ్టిదాకా ఉన్నారు. ఆ వేల వరసల్లో ఒకటి చెల్లెలిదని జలగకి అప్పుడు తట్టింది. గోడకి ఆనుకుని నిలబడిన ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు.

“చనిపోయే ముందు ఆయనతో మీకు గొడవెందుకైంది?”

“ఎవరు చెప్పారు?”

“ఆయన భార్య. మీరు తన మీద గదంతా వినబడేలా అరిచారని ఆ సాయంత్రమే ఫోన్‌లో చెప్పాడట.”

హెడ్ చూపుడు వేలి గోరు కొరికాడు. అక్కడ కొరకడానికేమీ మిగల్లేదు. “ఒక కాలమ్ గురించి. డ్రిప్ పెట్టిన పదో రోజున రోగి రక్తం తీస్తారు, తెల్లకణాలు ఎంత తగ్గాయో చూడ్డానికి. ఆయన ఆ కాలమ్‌ని మోడల్‌లో పెట్టాడు. వెయ్యి చెట్ల మోడల్ అది. ఒక్కో చెట్టు ఒక్కో వరసలో ప్రశ్నలడిగి రోగుల్ని విడదీస్తుంది, కణితి పాకిందా, వయసు అరవై దాటిందా, అలాగ. ఆఖరికి వెయ్యింటి మాటా కలిపితే జవాబు. ఈ కాలమ్ పెట్టగానే చెట్లన్నీ ముందు దాన్నే అడగడం మొదలుపెట్టాయి. కణితి సైజుని కూడా తోసేసి నెత్తినెక్కి కూర్చుంది. పైగా తలకిందులుగా. తెల్లకణాలు తగ్గకుండా రక్తం శుభ్రంగా ఉన్నవాళ్లే ముందు పోతున్నారంది.”

“అది తప్పని ఎలా అన్నారు?”

“మా పనిలో ఒక భయముంటుందండీ. ఏ కాలమ్ అయినా మరీ బాగా చెబుతోందంటే దాన్ని మెచ్చుకోం, అనుమానిస్తాం. జవాబు ముందే లీకయి అందులో దూరిందన్నమాట. దొంగ కాలమ్ అంటాం దాన్ని. ఇది చికిత్స మొదలయ్యాక తీసిన రక్తం. ఇంకా చికిత్సే మొదలుకాని రోగి విషయంలో అదెక్కడ దొరుకుతుంది? తీసి పారెయ్యమన్నాను. ఆయన తీయనన్నాడు. నేనే తీసేశాను. దొంగో కాదో అది పుట్టినచోటికెళ్లి చూసొస్తానని లేచి వెళ్లిపోయాడు.” హెడ్ మళ్లీ ఆ కుర్చీ వైపు చూశాడు. “ఆయనకది అలవాటు. అంకె మీద అనుమానమొస్తే ఆ అంకె పుట్టినచోటికి నడుచుకుంటూ వెళ్లేవాడు. ల్యాబ్‌కి వెళ్లుంటాడనుకున్నాను.”

“ల్యాబ్ ఎక్కడ?”

“పై అంతస్తులో.”

“మరి కింద ఎందుకు దొరికాడు?”

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా తన ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. “ఇదిగో, చూసుకోండి. చూశాక ఇంటికెళ్లండి.”

ఫొటోలో లెక్కలాయన మెట్ల కింద వెల్లకిలా పడి ఉన్నాడు. జలగ ముఖం వైపు చూడలేదు. శవాల్ని చూసేటప్పుడు పాదాల నుంచి మొదలుపెట్టడం ఆమె పద్ధతి. పాదాలు అబద్ధమాడడం తక్కువని ఆమె నమ్మకం. కుడి బూటు మామూలుగా ఉంది. ఎడమ బూటు మీద నీలం ప్లాస్టిక్ తొడుగు ఉంది.

“ఇదేమిటి?”

“ఆసుపత్రి కదా, ఎవరో ఒకరు తొడుక్కుంటూనే ఉంటారు. దానివల్లే జారాడు. నా రిపోర్టులో రాశాను కూడా.”

“కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి బూటు మీద తొడుగా?” జలగ హెడ్ వైపు తిరిగింది. “మీరెప్పుడైనా తొడుక్కున్నారా?”

“ఇక్కడ మాకవసరం లేదండీ. కింద మందులు కలిపే గదిలోకి వెళ్లేవాళ్లే తొడుక్కుంటారు.”

జలగ అప్పటికే లేచింది.

సెల్లార్ మెట్లు ఇరుకుగా ఉన్నాయి. పైన ఒకటే ట్యూబులైటు, అదీ కొట్టుకుంటోంది. కింద కుడిపక్క పార్కింగ్, ఎడమపక్క స్టీలు తలుపు, తలుపు పక్కన అట్టపెట్టెలో నీలం తొడుగులు. డ్రిప్ సంచుల్లో మందు కలిపేది ఆ తలుపు వెనకే. గచ్చు కడిగేశారు. ఫినాయిల్ వాసన ఘాటుగా ఉంది. జలగ పెట్టెలోంచి ఒక తొడుగు తీసి ఫొటో పక్కన పెట్టి చూసింది. అదే నీలం, అంచున అదే తెల్ల ఎలాస్టిక్.

“ఆయన మెట్లు దిగుతూ పడలేదు,” అంది. “ఈ గదిలోంచి బయటికొచ్చి పైకెక్కుతూ పడ్డాడు. తొడుగులు విప్పే తీరిక కూడా లేకుండా పరిగెత్తాడు. రెండోది ఎక్కడో ఊడిపోయి ఉంటుంది. ఎవరో తీసేసి ఉంటారు.”

“ఏం కావాలమ్మా?”

స్టీలు తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఇద్దరికీ వినబడలేదు. గౌను, గ్లవ్స్, మెడ కిందికి జార్చిన మాస్కు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, మెత్తటి గొంతు. మందులు కలిపే గదికి పెద్ద. వార్డులో రోగులంతా మందులాయన అంటారు. చెల్లెలి నోట ఆ మాట జలగ చాలాసార్లు విన్నది.

“లెక్కలాయన మొన్న సాయంత్రం మీ దగ్గరికొచ్చాడా?” అనడిగింది.

“ఎవరమ్మా? ఆ చనిపోయినాయనా? లేదు. ఆయన్ని నేనెప్పుడూ చూసి ఎరగను.”

“మీ గది తొడుగు వేసుకునే చచ్చిపోయాడు,” అంది జలగ, చేతిలోది చూపిస్తూ.

మందులాయన తొడుగు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ముఖంలో ఏమీ మారలేదు. 

“పెట్టె బయటే ఉంటుంది కదమ్మా, ఎవరైనా తీసుకోవచ్చు. మీరు పన్నెండో కుర్చీ అమ్మాయికి అక్క కదూ? నవ్వితే ఇద్దరూ ఒకేలా ఉంటారు.” జలగ అతని ముందు ఒక్కసారి కూడా నవ్వలేదు. “పొద్దుటి డ్రిప్‌లు మా పిల్లలు కలుపుతారు. మధ్యాహ్నానివి నా ఒక్కడివే. ఇవాళ మీ చెల్లెమ్మది నాలుగోది. వెళ్లి కలపాలి, వేళవుతోంది.”

తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడైంది.

ఇన్‌స్పెక్టర్ ఆమె మోచెయ్యి పట్టుకుని పార్కింగ్ మూలకి తీసుకెళ్లాడు. ఇప్పుడు మేడమ్ అన్న పిలుపు లేదు.

“వదినగారూ, మీకు బుద్ధుందా? దొరికిన ఆధారాన్ని ఎదుటివాడి ముఖం మీద ఆడిస్తారా? అతను నేరస్తుడే అయితే ఇప్పుడు జాగ్రత్త పడడూ? కాకపోతే, మనం దొంగని చూసినట్టు చూసిన ఆ మనిషి చేతి మందే కాసేపట్లో మీ చెల్లెలి ఒంట్లోకి వెళ్తుంది.”

“మీరు ఫైలు మూసేది అందుకా?”

“అవును, అందుకే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. దాచుకోలేదు. “తనకి నయమవుతోంది. నాలుగు నెలల తర్వాత నిన్న రాత్రి నా కంచంలో తనే వడ్డించింది. ఈ ఆసుపత్రిలో ఎవరి మనసూ నొప్పించే ధైర్యం నాకు లేదు. చచ్చినవాడు ఎలాగూ తిరిగిరాడు. నన్ను పిరికివాడనుకోండి, ఫరవాలేదు.”

జలగకి కోపం రాలేదు. కోపం రావలసిన చోట భయం వచ్చి కూర్చుంది. తను తొందరపడిందని, ఆ తొడుగు చూపించకుండా ఉండవలసిందని ఆమెకీ తెలుసు.

“ఒక్క పని చేయించి వెళ్లిపోతాను,” అంది. “లెక్కలాయన ఏం చూసి ఇక్కడికొచ్చాడో అది నేనూ చూడాలి.”

పైన హెడ్ మొదట ఒప్పుకోలేదు. జలగ ఖాళీ కుర్చీని ఆయన పక్కకి లాగి, మళ్లీ అందులోనే కూర్చుంది. ఆయన తీసేసిన కాలమ్‌ని తిరిగి పెట్టి మెషిన్‌ని నడిపించాడు. ఫ్యాన్ గుయ్యిమంది. ముగ్గురూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. జలగ చేతి గడియారం చూసుకుంది, చెల్లెలు ఈపాటికి కుర్చీలో కూర్చుని ఉంటుంది.

జవాబు వచ్చింది. దొంగ కాలమ్ మళ్లీ అన్నిటికన్నా పైనే ఉంది.

“తెల్లకణాలు తగ్గనివాళ్లందర్నీ ఒకచోట చేర్చండి,” అంది జలగ. “వాళ్లందరికీ ఏది ఒకటే?”

హెడ్ వెతికాడు. డాక్టర్లు వేరు. కణితులు వేరు. వయసులు వేరు. మందులు కూడా రకరకాలు. “ఏమీ లేదండీ. నేను చెప్పాను కదా.”

“మెషిన్‌కి మీరివ్వని కాలమ్‌లు ఏమున్నాయి?”

“పనికిరానివి. వార్డు, కుర్చీ నంబరు, డ్రిప్ మొదలుపెట్టిన వేళ. వేళకీ క్యాన్సర్‌కీ ఏం సంబంధం?”

“చూడండి.”

హెడ్ చూశాడు. గోరు నోట్లో పెట్టుకున్నవాడు కొరకడం మరిచిపోయాడు. రెండోసారి, మూడోసారి లెక్కేశాడు. పొద్దున్న డ్రిప్ పెట్టించుకున్నవాళ్లకి తెల్లకణాలు తగ్గవలసినట్టే తగ్గాయి. తగ్గనివాళ్లలో దాదాపు అందరూ మధ్యాహ్నం వాళ్లే.

“మందు పడితే తెల్లకణాలు ఎందుకు తగ్గుతాయి?” జలగ గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

“గబగబా పెరిగే కణాలన్నిటినీ ఆ మందు చంపుతుంది. కణితిని, దాంతోపాటు రక్తంలో కొన్నిటిని, కడుపులో పొరని, జుట్టు కుదుళ్లని. అందుకే వాంతులు, అందుకే...” హెడ్ ఆగిపోయాడు. “తగ్గలేదంటే మందు ఒంట్లోకి వెళ్లలేదని. వెళ్లినా చాలినంత వెళ్లలేదని. దేవుడా, అది దొంగ కాలమ్ కాదు. ఆయన చెబుతూనే ఉన్నాడు.”

సీసాలో మందు కొంత సంచిలోకి, కొంత బయటి బజారుకి. సంచి నిండడానికి నీళ్లు. అంత ఖరీదైన మందుకి కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రోగికి ఏ బాధా ఉండదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు, సంతోషంగా ఇంటికెళతారు. నాకు చూడు, ఒక్క వెంట్రుక రాల్లేదు. నాలుగు నెలల తర్వాత దొరికిన ఆ ఒక్క మంచి కబురే చెల్లెలికి పట్టిన చావని జలగకి అప్పుడు తెలిసింది.

“తనది మధ్యాహ్నమే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మూడూ మధ్యాహ్నమే. నా డ్యూటీకి కుదురుతుందని ఆ వేళ నేనే అడిగి తీసుకున్నాను. నా భార్య గీత తియ్యండి.”

“వద్దండీ.”

“తియ్యండి.”

తెర మీద రెండు గీతలు వచ్చాయి. దొంగ కాలమ్ లేకుండా గీసినది చాలా దూరం నింపాదిగా సాగింది. ఆ కాలమ్ కలిపి గీసినది కొద్ది నెలల్లోనే మెట్లు మెట్లుగా దిగి అడుగుకి చేరింది. ఇన్‌స్పెక్టర్ ఆ రెండో గీత మీద అరచెయ్యి పెట్టి తెరని మూసేశాడు. తర్వాత ఒక్క ఉదుటున తలుపు తీసుకుని పరిగెత్తాడు. వార్డు ఆవరణకి అవతలి భవనంలో, మూడో అంతస్తులో ఉంది.

జలగ అతని వెనకే మెట్లు దిగుతూ ఫోన్ చేసింది. వార్డు నంబరు ఎవరూ ఎత్తలేదు. చెల్లెలికి చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

“అక్కా, మీరింకా గొడవ పడుతూనే ఉన్నారా?”

“డ్రిప్ పెట్టారా?”

“సగం ఎక్కేసింది కూడా. ఇవాళ మందులాయనే స్వయంగా తెచ్చి పెట్టాడు. పొద్దుట్నుంచీ తిన్లేదని నర్సమ్మని భోజనానికి పంపించేశాడు, ఎంత మంచివాడో. నువ్వు కింద తనతో మాట్లాడావట కదా. మీ అక్క చాలా తెలివైనది అన్నాడు.” చెల్లెలు ఊపిరి తీసుకోవడానికి ఆగింది. “ఇన్నాళ్లూ నాకు మందు తక్కువ పడిందట అక్కా. ఆ లోటంతా ఇవాళ ఒక్కసారే తీర్చేస్తానన్నాడు. అందుకే కాబోలు, ఈసారి చెయ్యంతా మండిపోతోంది.”

జలగ చివరి మెట్టు దగ్గర గోడ పట్టుకుంది. ఆవరణలో ఇన్‌స్పెక్టర్ టోపీ కింద పడిపోయి ఉంది, అతను ఇంకా సగం దూరంలోనే ఉన్నాడు.

“చిట్టీ, నేను చెప్పేది విను. ఏమీ మాట్లాడకు. ట్యూబు మీద చిన్న చక్రం ఉంటుంది. రెండో చేత్తో దాన్ని కిందికంటా తిప్పెయ్. ఇప్పుడే.”

“ఎలా తిప్పనక్కా? ఒక చేతిలో నువ్వున్నావు. మంటగా ఉందన్నానని రెండోది ఆయన పట్టుకుని కూర్చున్నాడు. వదలమంటే వదలడం లేదు.”